పెద్దసారు తిన్న జొన్నరొట్టె

ఏమయ్యా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.

పాత సైకిళ్ల మీద తిరిగే సరదా ఉన్నవాళ్లు కొందరు ఈ మధ్యాహ్నం మన పానగల్‌లో భోజనానికి ఆగుతూ వంటకు నన్ను పిలిస్తే, నేనే జొన్నరొట్టెలు, పుంటికూర, పచ్చిపులుసు చేసి పెట్టాను. వాళ్లలో మీ ఆఫీసు పెద్దసారు కూడా ఉన్నాడు. ఆయన పక్కన కూర్చోనివ్వకపోతేనే కదా, నువ్వు ఉద్యోగమంతా సైకిల్ స్టాండులో డబ్బా విప్పుకొని తిన్నావు.

సారు నన్ను గుర్తుపట్టలేదు. మూడో రొట్టె అందుకుంటూ, "గీ రుచి యాడ దొరుకుతదమ్మా!" అన్నాడు.

"మా ఇంటాయన డబ్బాల రోజూ ఉండేది సారూ. మీరే పక్కన కూసోనియ్యలే," అన్నాను.

ఆయన చేయి కడిగేసుకున్నాడు. ఏమైందని పక్కవాళ్లు అడిగితే, కూరలో కారం ఎక్కువైందన్నాడు.

ఇక నన్ను వంటకు పిలవరట. పిలవకపోతే పోనీ. సారుతో అన్న ఆ మాట నేను నువ్వుండగానే అనాల్సింది.