గౌరి వదిన లేని పెళ్లి

రోజక్కా,

ఎట్లా ఉన్నావు? నువ్వు వెళ్ళిపోయి ఏడాది దాటింది. పోయిన ఆదివారం రెంటచింతల చర్చిలో నీ పేరున పూజ చేయించారు. నేనూ గురజాల నుంచి బస్సులో వచ్చాను. మీ ఊరి ఎండ గురించి నీకు నేను చెప్పాలా...

మన సీరియల్లో గౌరి వదిన చనిపోయినప్పుడు, ఫోన్లో మన అభిమానుల గ్రూపంతా ఆమెను బతికిస్తూ సొంత కథలు రాసింది. నువ్వొక్కదానివే బతికించలేదు. కరెంటు పోయినప్పుడల్లా ఆమె భర్త "గౌరీ, కొవ్వొత్తి" అని పిలిచి, కాసేపాగి తనే లేచి వెతుక్కుంటాడని రాశావు. ఎందుకిట్లా ఏడిపిస్తావని అందరూ నీ మీద పడ్డారు.

"ఏడిస్తే ఏమైద్దే? ఏడ్చినాక కాస్త ఆకలేసిద్ది" అన్నావు.

మా అమ్మ పోయాక నేను కడుపునిండా అన్నం తిన్నది ఆ కథ చదివిన రోజే. ఆ మాట నీకెప్పుడైనా చెప్పానా అక్కా?

గౌరి వాళ్ళింట్లో ఆమె లేకుండా జరిగే పెళ్లి కథ నువ్వు సగంలో వదిలి వెళ్ళావు. దాని మీద గ్రూపులో మళ్ళీ గొడవ. ఈసారైనా గౌరిని తీసుకురావాలని మాచర్ల పద్మ పట్టుబట్టింది. రోజక్క ఒప్పుకోదని నల్గొండ ఆవిడ. చదువుతుంటే నాకు అర్థమైంది... వాళ్ళు మాట్లాడుతున్నది గౌరి గురించి కాదు.

చివరికి నన్ను రాయమన్నారు. మా మెడికల్ షాపులో బేరాల్లేని మధ్యాహ్నాలు కూర్చుని రాశాను. గౌరిని తీసుకురాలేదు. పెళ్లికూతురికి పూలజడ కుట్టే వదిన లేక, ఇంట్లోవాళ్ళు తలా ఒక చెయ్యి వేస్తారు. జడ వంకరగా వస్తుంది. పిల్ల దాంతోనే పీటల మీద కూర్చుంటుంది.

పూజ అయ్యాక మీ ఆయన, జోసెఫ్ బావ, ఆ కథ చదివి వినిపించమన్నాడు. నీ రాతలు చూసి నవ్వే మనిషి, కదలకుండా విన్నాడు.

"మరి మా రోజమ్మ గురించి ఎవరు రాస్తారమ్మా? చానా మంచిదని రాసి ఊరుకోబాకండి. కూరలో ఉప్పు ఎప్పుడూ తక్కువే ఏసేది. అది కూడా రాయాల" అన్నాడు.

రాస్తానక్కా. గ్రూపులో అందరం కలిసి రాస్తాం. నిన్ను బతికించం. ఉప్పూ సరిచెయ్యం.

నీ
సునీత