మూడుసార్ల పద్ధతి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నాలుగు రోజులుగా ముసురు. ఎండ మొహం చూడలేదు. వార్నిష్ ఆరక మూడు మోటార్లు పొయ్యి పక్కన పెట్టుకున్నాను. ఇవాళ రెండు బేరింగులు మార్చాను, ఒక పంపు విప్పాను. అందులో కప్ప ఉంది. బతికే ఉంది.

నువ్వు పాటల కోసం ఆ ఊరు వెళ్లి మూడు నెలలయింది. మన ఒప్పందం గుర్తుందనుకుంటాను. వానాకాలం పోయేలోపు ఒక్క పూర్తి పాటలోనైనా నీ గొంతు వినపడాలి. లేదంటే వచ్చి షాపులో మళ్లీ నీ స్టూలెక్కి మోటార్లకు తీగ చుట్టాలి. నీ అంత నున్నగా చుట్టేవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. నాకు సన్న తీగ ఆనడం లేదు. కళ్లద్దాలు పెట్టుకోమని మీ అమ్మ పోరుతోంది. నా కళ్లు బాగానే ఉన్నాయి. తీగలే ఈమధ్య మరీ సన్నగా చేస్తున్నారు.

పని దొరికిందో లేదో రాయి.

ఇట్లు,
మీ నాన్న

తా.క. కప్పను నీళ్ల తొట్టిలో వదిలాను. మధ్యాహ్నానికి మళ్లీ వచ్చి పంపులోనే కూర్చుంది.

* * *

నాన్నకు నమస్కారాలు.

పని దొరికింది. ఇన్నాళ్లూ వెనక వరసలో పదిమందితో కలిసి "ఆ... ఆ..." అన్నాను. మొన్న సంగీత దర్శకుడు నన్ను ఒక్కదాన్నే పిలిచాడు. పాట ఇచ్చేసినట్టు కాదు. ముందు ఒక చరణం పాడించి చూస్తాడట.

నా గది టైర్ల షాపు మీద. కింద గాలి కొట్టే మిషను రోజంతా ఒకే స్వరం మీద మోగుతుంది. దానికే శ్రుతి కలిపి సాధన చేసుకుంటున్నాను. రికార్డింగు గదికి మాత్రం కిటికీల్లేవు. గోడలకు పరుపులు కొట్టి ఉంటాయి. దర్శకుడు అద్దానికి అవతల కూర్చుంటాడు. నేను పాడటం ఆపగానే "ఇంకోసారి" అంటాడు. ఆ ఒక్క చరణాన్నే పదిహేడుసార్లు పాడించాడు. ఎంత ఓపికో ఆయనకి. ఈ సోమవారం కాక పై సోమవారం మళ్లీ రమ్మన్నాడు.

అమ్మని అడిగానని చెప్పు.

నీ కూతురు

తా.క. ఫ్లూటు వాయించే పెద్దాయన పదోసారికి లేచి టీకి వెళ్లాడు. పదమూడోసారికి వచ్చి అందుకున్నాడు.

* * *

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

వాన కాస్త తెరిపి ఇచ్చింది. బోరు మోటారు విప్పుతుండగా నీ ఉత్తరం వచ్చింది. చదివి స్పానరు కింద పెట్టేశాను.

పదిహేడుసార్లు వెనక్కొచ్చిందా నీ పని? పైగా అది సంతోషంగా రాశావా? మన షాపు పద్ధతి ఎలా మర్చిపోయావు? బాగుచేసిన మోటారు ఒకసారి వెనక్కొస్తే తప్పు వెతుక్కుంటాం. రెండోసారి వస్తే సిగ్గుపడతాం. మూడోసారి వస్తే చేతులు జోడించి "నా వల్ల కాలేదండీ, ఇంకొకరికి ఇచ్చుకోండి" అంటాం. ఇది మీ తాత పెట్టిన పద్ధతి.

సోమవారం వెళ్లు. మూడుసార్లు పాడు. నాలుగోసారి అడిగితే మర్యాదగా చెప్పి లేచి వచ్చెయ్యి. పని పోతే పోయింది, పరువన్నా మిగులుతుంది.

ఇట్లు,
మీ నాన్న

తా.క. మీ అమ్మ అడగమంది: పదిహేడుసార్లు పాడిస్తూ గుక్కెడు మంచినీళ్లన్నా ఇచ్చారా?

* * *

నాన్నకు నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే చేశాను. మూడోసారి పాడాక ఆయన "ఇంకోసారి" అన్నాడు. లేచి నిలబడి, "మూడయిందండీ. మా ఇంటి పద్ధతి. ఇక వేరేవాళ్లతో పాడించుకోండి" అన్నాను. చెప్పులేసుకుని మెట్లు దిగుతుంటే ఫ్లూటాయన పరిగెత్తుకొచ్చాడు. "మూడోదే బాగుందట, రామ్మా. అంత కోపమైతే ఎలా" అన్నాడు. నాకు కోపం లేదంటే నమ్మలేదు.

ఈ నెలలో మరో ఐదుచోట్ల చిన్న చిన్న ముక్కలకు పిలిచారు. ఐదుచోట్లా మూడు కాగానే చేతులు జోడించి లేచి వచ్చేశాను. ఎవరూ ఏమీ అనలేదు. తిరిగి నాకే దండం పెడుతున్నారు.

నీ కూతురు

తా.క. ఇదివరకు టీ వరండాలో గాజు గ్లాసులో ఇచ్చేవాళ్లు. ఇప్పుడు లోపల కూర్చోబెట్టి పింగాణీ కప్పులో ఇస్తున్నారు. మంచినీళ్లు మాత్రం ఇంకా ఎవరూ ఇవ్వలేదు.

* * *

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

మబ్బులు పలచబడ్డాయి. ఇంకో వారంలో వానలు ఆగిపోయేలా ఉన్నాయి. ఇవాళ పని చెయ్యబుద్ధి కాలేదు. పాత బేరింగులు కడిగి కూర్చున్నాను.

ఐదుచోట్ల నుంచి లేచి వచ్చేశావని తెలిసింది. బాధపడకు. ఆ పింగాణీ కప్పు సంగతి నాకు తెలుసు. బాగుచెయ్యలేక ఎవరి మోటారు వాళ్లకు తిరిగిచ్చేసిన రోజునే నాకూ అందరూ పింగాణీ కప్పులో టీ ఇస్తారు. ఇక మళ్లీ రానక్కర్లేదని దానికి అర్థం. నీకు ఇంకా ప్రపంచం తెలియదు.

గురువారం పొద్దున్న బస్సుకు వచ్చి నిన్ను తీసుకొస్తాను. నీ స్టూలు తుడిచి పెట్టాను. కొత్త తీగ కూడా తెప్పించాను.

ఇట్లు,
మీ నాన్న

తా.క. కప్ప పంపుతో సహా వెళ్లిపోయింది. పంపు వాళ్లకు చెప్పే పంపించాను.

* * *

నాన్నా,

దయచేసి రావద్దు. గురువారమే నా పాట. ముక్క కాదు, మొదటి నుంచి చివరి దాకా నేనే. మూడుకు మించి పాడనని పేరు పడ్డాక, నేను రాకముందే వాయిద్యాలన్నీ శ్రుతి చేసి, పొద్దున్నుంచి నేను లేకుండానే సాధన చేసుకుని సిద్ధంగా ఉంటున్నారు. అందుకే పిలుస్తున్నారు. పని మధ్యాహ్నానికల్లా అయిపోతోందట. నువ్వు వచ్చి అందరి ముందు "పద ఇంటికి" అన్నావంటే ఈ ఒక్క పాటా పోతుంది. వానలు ఆగేలోపు నన్ను ఇంకెవరూ పిలవరు.

నీ కూతురు

తా.క. వచ్చేది ఎలాగూ వస్తావు కాబట్టి చిన్న స్క్రూడ్రైవరు తీసుకురా. నా గదిలో ఫ్యాను కీచుమంటోంది.

* * *

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

వానలు పోయాయి. పొద్దున్నే మంచు పడుతోంది. నిన్న నాలుగు మోటార్లు బిగించాను.

మొన్న సాయంత్రం రేడియోలో నీ పాట వచ్చింది. పక్కన పిండిమర ఆయన మర ఆపేశాడు. పిండికొచ్చిన వాళ్లందరూ డబ్బాలు పట్టుకుని మన షాపు ముందు నిలబడి విన్నారు. నీ పేరు తప్పు లేకుండా చెప్పారు. వేసింది నువ్వు నాలుగోసారి పాడిందే. నాకు తెలుస్తుంది.

ఆ గురువారం సంగతి నీతో మాట్లాడకుండానే తిరుగు బస్సెక్కాను. నిన్ను తీసుకురావడానికే వచ్చిన మాట నిజం. నీ పెట్టె కట్టడానికి తాడు కూడా తెచ్చాను. అద్దానికి ఇవతల నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చారు. పింగాణీ కప్పే. అయిపోయిందనుకున్నాను. తర్వాత నువ్వు పాడావు. టీ తాగడం మర్చిపోయాను.

మూడోది అవగానే వాయిద్యాల వాళ్లు పెట్టెలు మూసేశారు. దర్శకుడు లేచి దండం పెట్టాడు. ఆయన మొహంలో తృప్తి లేదు. అడగడానికి భయం. రెండో చరణం మొదట్లో నీ గొంతులో చిన్న గరగర ఉంది. బేరింగులో ఇసుక రేణువు పడితే అలాగే ఉంటుంది. అందరూ విన్నారు, ఒక్కరూ అనలేదు. నేను స్క్రూడ్రైవరుతో అద్దం మీద కొట్టి "ఇంకొక్కసారి పాడమ్మా" అన్నాను.

కరెంటు తీగ ముట్టుకున్నవాణ్ణి చూసినట్టు చూశాడు ఫ్లూటాయన. "మూడయిందండీ. అమ్మాయిగారికి కోపమొస్తుంది" అన్నాడు.

"ఆ అమ్మాయిగారు నా కూతురు. ఆవిడ కోపం నేను చూసుకుంటాను. మీరు వాయించండి" అన్నాను.

తర్వాత నువ్వు పాడింది గురించి నేను రాయలేను. తాడు అక్కడే మర్చిపోయాను.

ఇప్పుడు ఒక మాట. పిండిమర మోటారు నా దగ్గరికి పదకొండుసార్లు వెనక్కొచ్చింది. నీకప్పుడు నాలుగేళ్లు. పన్నెండోసారి బిగించింది ఇవాళ్టికీ తిరుగుతోంది. మూడుసార్ల పద్ధతి ఆ ఏడాదే పెట్టాను. పరువు కోసం కాదు, అలాంటి మోటారు ఇంకొకటి తగులుతుందేమోనన్న భయంతో. మీ తాత పేరు చెప్పాను గాని, ఆయన ఎన్నిసార్లయినా విప్పేవాడు. ఇక నుంచి ఎన్నిసార్లు పాడమంటే అన్నిసార్లు పాడు.

షాపు గురించి ఆలోచించకు. వచ్చేటప్పుడు బస్టాండు దగ్గర కళ్లద్దాలు కొనుక్కున్నాను. నీ స్టూలు మీద ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. తీగలు మళ్లీ లావుగా చేస్తున్నారు.

ఇట్లు,
మీ నాన్న

తా.క. ఇదంతా నిన్న మీ అమ్మకు చదివి వినిపించాను. "ఎన్నిసార్లయినా" అన్నచోట ఆపమంది. అన్నిసార్లు పాడితే దానికి మంచినీళ్లు ఎవరిస్తారని అడిగింది. ఇవాళ పొద్దున ఆరింటి బస్సుకు మరచెంబులో నీళ్లు పట్టుకుని నీ దగ్గరికి బయలుదేరింది.