ఏడో గుంపు పెద్దపెట్టె

పామేడు

అమ్మకు నంద దండాలు. ఇక్కడ నేను, చెల్లి, రెండు మేకలూ కుదురుగానే ఉన్నాం. కూలికి పోయిన ఆ మిరపతోటలో నీ చేతుల మంట తగ్గిందో లేదో రాయి. కూలీలను తోలే వెంకన్న జీపు అటు వెళ్తోందంటే ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. జావ కాచుకుని తాగుతున్నాం. చెల్లికి జ్వరం పోయింది. లక్మా మామ ఎలా ఉన్నాడని రెండుసార్లు అడిగావు, అది తర్వాత రాస్తాను. "కోపం తగ్గించుకున్నవా?" అనీ అడిగావు. లేదు. పెరిగింది.

నా పని పోయింది. తీసేసింది ఇంజనీరు ప్రవీణ్‌కుమార్ సారు. ఇక వాడు అనే రాస్తాను, నువ్వు తిట్టినా సరే. అడవిలో నిప్పు పుడితే కబురు చెప్పే పెట్టెలు చెట్లకు కట్టించింది వాడు, కట్టింది నేను. గుంపుకు ఎనిమిది పెట్టెలు. ఏడు పెట్టెలు తమ దగ్గర వేడి ఎంతుందో పక్కనున్న పెద్దపెట్టెకు చెబుతాయి. అది అన్నీ కలిపి ఒకే కబురుగా రోడ్డు పక్క స్తంభానికి పంపుతుంది. దూరం పంపడానికే బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది. అందుకే పెద్దపెట్టె ముందు చస్తుంది. అది చస్తే మిగతా ఏడూ బతికుండీ మూగవే.

బడి మానేసినా ఫోన్‌లో చూసి, పాడైన పెట్టె విప్పి ఇదంతా నేర్చుకున్నాను. వాడికి చెప్పాను కూడా. "మా ఊళ్ల ఆవులు మేపెతందుకు ఇంటికో వంతు ఉంటది సార్. ఇంట్ల మనిషికి బాగలేకుంటే ఆ ఇల్లు దాటేసి పక్కింటికి పోతది వంతు. పెద్దరికం గూడ అట్ల తిప్పున్రి. ఏ పెట్టెల బ్యాటరీ ఎక్కువుంటే ఆరోజు అదే పెద్ద."

మేస్త్రీలందరి ముందు నవ్వాడు. "ఏంట్రా, ఆవులు కాసేవాడు నాకు నెట్‌వర్క్ నేర్పుతాడా? పోయి నిచ్చెన పట్టుకో."

పట్టుకున్నాను. ఆ రోజే అనుకున్నాను, వీడి పరువు అందరి ముందూ తీయాలని.

నెలన్నరకు ఏడో గుంపు పెద్దపెట్టె చచ్చింది. మన చెట్లు, మామ చెట్లు ఉన్న దిక్కు అది. కబురు రాకపోతే రోడ్డు దగ్గరున్న వాడి కంప్యూటర్ తెర పాత కబురునే, అంతా బాగున్నట్టు పచ్చగా చూపిస్తుంది. నాకు తెలుసు. నాలుగు రోజులు చెప్పలేదు. పైనుంచి పెద్ద సార్లు తనిఖీకి వచ్చే రోజు కోసం ఆగాను.

అమ్మా, ఇక్కడి నుంచి పక్కవాళ్ళకు వినపడేలా చదవకు.

ఆ మధ్యాహ్నం మన ఇప్పచెట్టు కింద ఆకులకు నేనే నిప్పు పెట్టాను. పువ్వు ఏరేముందు అందరూ పెట్టేదే కదా. చుట్టూ ఊడ్చాను కూడా. కానీ ఎప్పుడూ ఒక మనిషి కొమ్మ పట్టుకుని కాపలా నిలబడతాడు. నేను నిలబడలేదు. వెనక పొగ, ముందు పచ్చటి తెర, మధ్యలో వాడి మొహం చూడాలని రోడ్డుకు పరిగెత్తాను. నేను చేరేసరికి పెద్ద సార్లు జీపెక్కి వెళ్ళిపోయారు.

గాలి తిరిగింది. మామ చెట్లు ఆరు కాలిపోయాయి, చేను గుడిసె కూడా. పెట్టె పలకలేదు కాబట్టి ఎవరూ రాలేదు. మామ ఒక్కడే పచ్చికొమ్మతో బాదుతున్నాడు. ఆలస్యంగా పొగ చూసి వచ్చిన ఫారెస్టు గార్డులు అతన్నే పట్టుకున్నారు. "నేను ఆర్పుతున్న సారూ" అంటుంటే "ఆగ్ తూనే హీ లగాయీ" అన్నారు, నిప్పు నువ్వే పెట్టావని. అప్పటికి నేను తిరిగొచ్చి అక్కడే ఉన్నాను. చెట్టు చాటుకు జరిగాను. ఊరివాళ్ళు బ్యాటరీ దొంగిలించి అడవి కాల్చారనీ, నేను వాళ్ళ మనిషిననీ ఆ ఇంజనీరు రిపోర్టు రాసి, నా పని తీసేశాడు.

మూడు రోజులైంది. మామ ఇంకా లోపలే. నిన్న మామ ఇంటి నుంచి బుధ్రి అత్త నాకే జావ పంపింది, "పని పోయిందంట, బిడ్డ ఏం తింటుండో" అని. చెల్లికి పోసేశాను.

రేపు పొద్దున ఫారెస్టు ఆఫీసుకు వెళ్తున్నాను. నిప్పు నేనే పెట్టానని చెబుతాను. నేను చెట్టు నుంచి దించిన ఆ పెద్దపెట్టెను సీలు తీయకుండా బల్ల మీద పెడతాను. బ్యాటరీ లోపలే ఉంది. నన్ను లోపల వేస్తే వేయనీ. వాడి రాత అబద్ధమని, ఆ రోజు వాడు ఏ మేస్త్రీల ముందు నవ్వాడో వాళ్ళ ముందే తేలాలి. మామను విడిపించడానికి పోతున్నావా, వాడిని ముంచడానికా అని నువ్వు అడిగితే, నీకు అబద్ధం రాయను, ముందు వాడి మొహమే కళ్ళల్లో ఆడుతోంది.

పోయేముందు అత్తకు నా నోటితోనే చెప్పి పోతాను. నువ్వు వచ్చాక నా కోసం ఆఫీసుకు పరిగెత్తకు. ముందు ఆమె ఇంటికి పో. తలుపు తీస్తే లోపలికి వెళ్ళు. తీయకపోతే వాకిట్లోనే కూర్చో.

ఇట్లు,
నీ కొడుకు
నంద