కొసలు కలవని త్రిభుజం

జూన్ 15
చర్చి వెనక హాల్లో ఈ ఏడాది మొదటి ఆదివారం లెక్కల క్లాసు. ఇరవై మంది! శంషాబాద్, కాటేదాన్ బడుల్లోంచి ఏరి తెచ్చుకున్న చురుకైన పిల్లలు. ప్రార్థన ముగిసేసరికే గుమ్మంలో చెప్పుల గుట్ట. మా సంఘానికి పెద్ద మూర్తి గారు, రిటైరైన లెక్కల మాస్టారు. ఎంపిక పరీక్షకు ప్రశ్నపత్రం ఆయనదే, దిద్దుడు నాది. ఆయనకు కొత్త చొక్కా, నాకు కాళ్ళు భూమ్మీద నిలవడం లేదు.

జూన్ 29
చీపురు పుల్లలతో క్లాసు. ఎంపిక పరీక్షలో ఇచ్చిన త్రిభుజమే చేయమన్నాను — భుజాలు 5, 6, 12 సెంటీమీటర్లు. చుట్టుకొలత 23 అని అందరూ రాసేసిన లెక్కే. కొలిచారు, కత్తిరించారు, పేర్చారు… కలవవు!
"గ్రేసక్కా, నడుమ సందొస్తుంది."
మూర్తి గారు నేల మీద చతికిలబడి తానే పేర్చారు. ఐదూ ఆరూ కలిపితే పదకొండే. పన్నెండును ఎలా అందుకుంటాయి? "నలభై ఏళ్ళు పాఠం చెప్పిన బుర్రండీ ఇది!" అని తల కొట్టుకున్నారు. పడీ పడీ నవ్వాం.
ఇంటికొచ్చాక నవ్వు ఆగింది. ఎంపిక పరీక్షలో ఎవరో ఈ మాటే రాశారు. నేను చదివాను కూడా.

జూన్ 30
బీరువాలోంచి ఆ పరీక్ష పేపర్ల కట్ట తీసి విప్పాను. దొరికింది. అక్షిత, ఏడో తరగతి, కందుకూరు. మూడు గీతలు, మధ్యలో సందు. పక్కన — "ఇది త్రిభుజం కాదు. కొసలు కలువవు." దాని మీద నా ఎర్ర ఇంటు. ఒక్క మార్కుతో సీటు పోయింది.
ఎయిర్‌పోర్టులో రోజంతా తెర ముందు కూర్చుని బ్యాగుల్లో తేడా పట్టే ఉద్యోగం నాది. తేడా పట్టిన పిల్లకే ఇంటు కొట్టాను. సిగ్గుగా ఉంది.

జూలై 6
మూర్తి గారూ నేనూ కందుకూరు వెళ్ళాం. టమాటా చేను గట్టు మీదే నిలబెట్టి మాట్లాడింది వాళ్ళమ్మ.
"పాస్ కాలేదని మీరే చెప్పిన్రు గదా. ఇగ మళ్ళ ఏంది? మూడు దినాలు సక్కగ తినలే పిల్ల. లెక్కలు నాకు రావే అమ్మా అంటది."
అక్షిత బుట్ట పట్టుకుని అక్కడే ఉంది. పేపరు తన చేతికిచ్చాను. నువ్వు రాసిందే రైటు, మావాళ్ళెవరో సరిగ్గా చూడకుండా దిద్దారు అన్నాను.
మావాళ్ళెవరో! మూర్తి గారు నావైపు చూశారు. తర్వాత పిల్లను క్లాసుకు రమ్మన్నారు.
పిల్ల ఆ పేపరును నాలుగు మడతలు పెట్టుకుంది. వస్తాననలేదు.

జూలై 13
వచ్చింది!! వాళ్ళ బాపు బండి మీద దింపి పోయాడు. చెప్పుల గుట్టలో కొత్తగా నీలం జత.

సెప్టెంబర్ 14
ప్రతిదానికీ "ఎందుకు?" అంటుంది అక్షిత. మూర్తి గారికి పండగ. నాకు తలనొప్పి… అబద్ధం. నాకూ పండగే.

నవంబర్ 16
హిమాయత్ సాగర్ గట్టున క్లాసు. ఒక సన్నని నీటిపాయ. దాటకూడదు, అవతలి చెట్టు ఎంత దూరమో చెప్పాలి. పిల్లలంతా గులకరాళ్ళు విసురుతున్నారు, అక్షిత మాత్రం కర్రలు పాతుతోంది. అటూ ఇటూ నడుస్తుంది, ఒంటికన్నుతో చూస్తుంది, మళ్ళీ నడుస్తుంది.
"నీళ్ళల్ల ఉన్న త్రిభుజానికి గట్టు మీద జోడు ఏసిన సార్. ఇగ దీన్ని కొలుస్తె సాలు."
మూర్తి గారు ఆ కర్రల మధ్య తానే నడిచి చూసుకున్నారు. నేనైతే అరిచేశాను, చేపలు పట్టేవాళ్ళు తిరిగి చూసేంతగా! లెక్కలు రావన్న పిల్లేనా ఇది?

ఫిబ్రవరి 1
కొత్త ఎంపిక పరీక్ష. ఈసారి త్రిభుజాలన్నీ పుల్లలతో పేర్చి మరీ ప్రశ్నలు రాశాం. ఒక నియమం కూడా పెట్టాను — ఇంటు పడ్డ ప్రతి జవాబునూ రెండో మనిషి చదవాలి. ఎందుకో పిల్లలకు చెప్పలేదు.
"అక్షితకు చెప్పేయండి గ్రేస్ గారూ, తేలికపడతారు" అన్నారు మూర్తి గారు. చెప్తాను…

మార్చి 1
క్లాసయ్యాక అక్షిత ఆగింది. బల్ల మీద తన నోటు పుస్తకం, పక్కనే ఆ మడతల పేపరు. ఇన్నాళ్ళూ పుస్తకంలోనే పెట్టుకుని తిరిగిందన్నమాట.
"అక్కా, గీ ఇంటుకు తోకుంది. నా నోట్సుల మీరు పెట్టేదానికి గూడ గిట్లనే తోకుంటది."
కోపం లేదు. లెక్కలో తేడా చూపినట్టే చూపింది. నేను బల్ల మీది పుల్లలు సర్దడం మొదలెట్టాను. బయట వాళ్ళ బాపు హారన్ కొట్టాడు. హమ్మయ్య అనుకున్నాను, ఛీ!
పేపరు బల్ల మీదే వదిలి వెళ్ళింది.

మార్చి 8
అందరికంటే ముందొచ్చి హాలు తెరిచాను. పేపరు ముందు పెట్టుకున్నాను. పాత ఇంటును చెరిపెయ్యలేదు, అలాగే ఉంచాను. కింద రాశాను — "ఇది పెట్టింది నేనే. నువ్వు రాసింది చదివి కూడా పెట్టాను. గ్రేస్."
పిల్లలొస్తున్నారు. గుమ్మంలో గుట్ట పెరుగుతోంది. నీలం జత ఇంకా లేదు.
బయట ఏదో బండి ఆగిన చప్పుడు…