తెల్ల పాయకు కాటుక

బాగ్‌బేరా, శనివారం

పాపకు పుట్టుకతోనే వినబడదు. నుదుటి దగ్గర జుట్టు ఒక పాయ తెల్లగా ఉంటుంది. రెండింటికీ కారణం ఒకటేనని ఈరోజు డాక్టరమ్మ చెప్పింది. జుట్టుకు రంగునిచ్చే కణాలే, బిడ్డ కడుపులో ఉండగా లోపలి చెవికీ చేరాలట. అవి చేరకపోతే చెవి పనిచేయదట.

ఇంటికొచ్చి చెబితే అత్త ఒప్పుకోలేదు. "గ్రహణంలో క్వార్టరు బయటికెల్లి బట్టలు తీసినావు, అందుకే ఇలాగయ్యింది" అంటూ, రేపటి పెళ్లికని ఆ తెల్ల పాయకు కాటుక పూసింది. నేను తడిగుడ్డతో తుడిచేశాను.

"నలుగురూ ఏటనుకుంటారే?"

"ఏటన్నా దానికి వినబడదు కదత్తా."

రేపు ఆ పాయకే ఎర్ర రిబ్బను కట్టి ముందు వరసలో కూర్చోబెడతాను. అనేవాళ్లను అననీ. వినడానికి నేనున్నాను.