కొత్త ఆవకాయ జాడీ మీద ఎనిమిది పేజీలు

రాజమండ్రి,
జూన్ 3.

సంపూర్ణమ్మ గారికి నమస్కారం.

నేను ఫిన్నీకి కాలేజీలో తెలుగు చెప్పిన సత్యవాణిని. పోయిన ఏడాది, వాణ్ణి మనకి దూరం చేసిన ఆ జ్వరం రాకముందు, వాడు దిద్దమని ఇచ్చిన కథ నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు కాలేజీ పుస్తకంలో వేస్తున్నాం. అందులో అమ్మ, పాస్టరుగారు ప్రార్థన చేసేదాకా కొత్త ఆవకాయ జాడీ తెరవదు. దొంగతనంగా ముక్క తిన్న కొడుకుని గరిటెతో కాలవ గట్టుదాకా తరుముతుంది. "అమ్మ పాత్ర కఠినం, వారసత్వం భక్తి" అని క్లాసులో ఎనిమిది పేజీలు రాయించాను. ఈ ఆచారం మీ ఇంట్లో ఎన్ని తరాలదండి?

ఇట్లు,
సత్యవాణి

తా.క. గరిటె ఇత్తడిదా, కొయ్యదా? పిల్లలు రెండు జట్లయ్యారు.

ధవళేశ్వరం,
జూన్ 8.

మేడం గారికి ప్రభువు పేరిట సంపూర్ణమ్మ వందనాలు.

ఫోనులో ఇదంతా చెప్పలేక రాస్తున్నానండి. అయిదో తరగతి చదువు, తప్పులుంటే మన్నించండి. నేను కఠినమా? వాడు తినకుండా ఏనాడైనా ముద్ద మింగానా? నేను మంచిదాన్నేనని పాస్టరుగారి సంతకం, ఎదురింటి అప్పాయమ్మ వేలిముద్ర వేయించి కాగితం పంపుతున్నాను. క్లాసులో చదివించండి. ఒక్కటి చెప్పండి, వాడు నా మీద కోపంతోనే రాశాడా?

ఫిన్నీ వాళ్లమ్మ

తా.క. గరిటె కొయ్యది. తగల్లేదు. అదీ అప్పాయమ్మ చూసింది.

రాజమండ్రి,
జూన్ 14.

అమ్మా, నమస్కారం.

మీ కాగితం చదివితే క్లాసంతా లేచి నిలబడింది. మిమ్మల్ని నొప్పించాను, క్షమించండి. తరిమే ఘట్టం తీసేసి అచ్చు వేస్తాం. కథ నకలు పంపుతున్నాను, మీరే చూడండి.

మీ సత్యవాణి

తా.క. మా ప్రిన్సిపాల్‌గారు తనకీ అప్పాయమ్మగారి వేలిముద్ర కావాలంటున్నారు.

ధవళేశ్వరం,
జూన్ 19.

మేడం గారూ, వందనాలు.

తీయకండి! ఆ అమ్మ నేనే. ఆచారం ఏ తరానిదీ కాదండి. మూడో రోజు తిరగకలిపేదాకా ఆవకాయ ముట్టకూడదు. ఆ మాట చెబితే ఫిన్నీ వినేవాడా? పాస్టరుగారికొక్కరికే జడిసేవాడు, అందుకని ఆయన పేరు చెప్పాను. మీ ఎనిమిది పేజీలూ పాడుచేశాను.

అప్పాయమ్మ మనవరాలు అశ్విని చేత కథ చదివించుకున్నాను. కోపం ఎక్కడా లేదండి. గట్టు మీద వాడు వెనక్కి తిరిగి "అమ్మా, ఉప్పు తక్కువైందే!" అని అరిచి మళ్లీ పరిగెడతాడు. నిజంగానే ఆ ఏడు తక్కువైంది, నేనే ఒప్పుకోలేదు. ఆ ముక్క తీసేస్తే నేనింక ఎవరి వెనకాల పరిగెత్తనండీ?

సంపూర్ణమ్మ

తా.క. పాస్టరుగారికి ఈ సంగతి చెప్పకండి. మా ఇంటి మొక్కుబడి అనుకుని, పన్నెండేళ్లుగా ఏటా ఖాళీ సీసా పట్టుకుని వస్తున్నారు పాపం.