పునాది గోతిలో పార గుర్తులు

హువా, తప్పులుంటే సర్దుకుని చదువుకో తల్లీ. ఈ నాలుగు ముక్కలు రాసేసరికే టీ చల్లారిపోయింది.

నేను ఆకుకూరలు అమ్మడానికి బజారుకి వెళ్తున్నాను. మధ్యాహ్నం పర్మిట్ ఆఫీసు నుంచి తనిఖీ ఆయన వస్తాడు. పర్మిట్ కాగితం వీధిలోకి కనబడేలా కిటికీకి అంటించాను, తీయకు. ఆయన కొత్త గది పునాది గోతి లోతు కొలిచి సరేనంటేనే కాంక్రీటు పోస్తారు. చలికి నేల గడ్డకట్టే లోతు దాటి తవ్వి ఉండాలట.

"లావోస్‌లో గుంజ పాతడానికి మోకాలి లోతు చాలేది. ఇక్కడ గది కడుతున్నామా, బావి తవ్వుతున్నామా?" అని నవ్వుతూనే తవ్వారు మీ మామగారు. "మనిద్దరికీ విడిగా ఒక గది" అని నాతో అన్నారు. గది లేవకముందే తాను పోయారు. గోతి గోడలకి ఆయన పార దిగిన గుర్తులు ఇంకా ఉన్నాయి. నేను వచ్చి చూసేదాకా కాంక్రీటు పోయనివ్వకు.

లేదులే. లారీ నాకంటే ముందే వస్తే పోయనీ. మంచు నాకోసం ఆగదు. పోసేముందు మాత్రం నిచ్చెన దిగి, నా బదులు ఆ మట్టిమీద ఒకసారి చెయ్యి పెట్టు.

యేర్ మోవా, అరవై ఎనిమిదేళ్ళు. ప్రస్తుతం అమెరికాలో, సెయింట్ పాల్‌లో, మీ ముందుగదిలో తెర వెనక. పెద్దవాళ్ళకి చదువు చెప్పే బడిలో ఉత్తరం ఇలాగే ముగించాలని నేర్పారు.